ప్రహ్లాదుడి తేదీ ఎవరు మార్చారు?

పాల్వంచలో టీ హోటల్ దగ్గర సినిమా కబుర్లు మొదలయ్యాయంటే ఓ పట్టాన తెమలవు. మొన్న సాయంత్రం మాట తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' మీదకి పోయింది. "1931 సెప్టెంబర్ 15న విడుదల. పుస్తకంలో చదివా!" అన్నారొక పెద్దాయన. పక్కనున్న కుర్రాడు సెల్‌ఫోన్‌లో వికీపీడియా తీసి చూపించాడు. 1932 ఫిబ్రవరి 6!

"అదా! ఎవడు పడితే వాడు రాసేదేగా!" అని కొట్టిపారేశారాయన.

నిజమే. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మీరూ రాయొచ్చు, నేనూ రాయొచ్చు. కానీ ఇక్కడ పొరపాటు అచ్చు పుస్తకాలదండీ! దశాబ్దాలపాటు ఒకరిని చూసి ఒకరు 1931 అనే వేసుకుంటూ వచ్చారు. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత కాగితాలన్నీ తిరగేసి, హెచ్.ఎం.రెడ్డి తీసిన ఆ చిత్రం 1932 జనవరి 22న సెన్సారైందనీ, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైందనీ ఆధారాలతో తేల్చారు. వికీపీడియాలో సొంత పరిశోధన చెల్లదు, ఎక్కడో అచ్చయి ఉండాలి. అంటే అచ్చులో తప్పుంటే అదీ ఆ తప్పే మోస్తుందన్నమాట!

కాకపోతే 'చరిత్ర' అన్నచోట నొక్కితే ఏ అంకె ఎప్పుడు మారిందో, ఏ పేరుతో మార్చారో కనిపిస్తుంది. పుస్తకంలో ఆ సౌకర్యం ఏదీ? అభిమాన హీరో వసూళ్లకి సున్నాలు తగిలించే వీరాభిమానులతోనే అసలు చిక్కు. అలాంటి అంకె కింద మూలం లేకపోతే నేనైతే నమ్మను.

పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, అడుగునున్న మూలాలన్నీ ఓపిగ్గా చదివారు. టీ డబ్బులు మాత్రం కుర్రాడి చేతే ఇప్పించారు!