నడినెత్తిన వెయ్యి గెలాక్సీలు

ఎండాకాలంలో, మే మొదటి వారాల్లో, రాత్రి పదింటి ప్రాంతాన కర్నూలు, కడప జిల్లాల నడినెత్తికి దగ్గరగా కన్యారాశి వస్తుంది. అందులో ఒక మూల వెయ్యికి పైగా గెలాక్సీలు గుంపుగా ఉన్నాయి. మిద్దె మీద పడుకున్నవారి కంటికి అవి ఆనవు. దూరం 5 కోట్ల కాంతి సంవత్సరాలు దాటింది మరి. ఆ గుంపు పేరు కన్యా గుచ్ఛం.

1926లో ఎడ్విన్ హబుల్ గెలాక్సీలను ఆకారాన్ని బట్టి విభజించాడు. చుట్టలు తిరిగిన చేతులున్నవి సర్పిలాలు. కోడిగుడ్డులా నునుపుగా కనిపించేవి దీర్ఘవృత్తాకారాలు. ఏ రూపానికీ లొంగనివి క్రమరహితాలు. పళ్లెంలా ఉన్నా చేతులు లేనివి మొదటి రెండింటికీ మధ్యరకం; వీటిని ఆయన తర్వాత చేర్చాడు. మన పాలపుంత సర్పిలమే; దాని నడుమ నక్షత్రాల అడ్డపట్టీ ఒకటుంది. క్రమరహితమైన పెద్ద మెజెలాన్ మేఘం కడపలో దక్షిణాన ఆరు డిగ్రీల ఎత్తుకు మించి లేవదు. పాలకొండలు అడ్డొస్తే అదీ దక్కదు.

ఆకారానికీ ఇరుగుపొరుగుకూ గట్టి సంబంధం ఉంది. అసలు ఆసక్తి కలిగించే సంగతి ఇదే. కిక్కిరిసిన గుచ్ఛం నడుమ దీర్ఘవృత్తాకారాలు ఎక్కువ, అంచుల్లో, విడిగా ఉన్నచోట సర్పిలాలు ఎక్కువ. గుంపులో గెలాక్సీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే చేతులు చెదిరిపోతాయి. గుచ్ఛమంతా పరుచుకున్న వేడి వాయువు, అందులోంచి దూసుకెళ్లే గెలాక్సీ సొంత వాయువును ఊడ్చేస్తుంది. వాయువు లేకపోతే కొత్త నక్షత్రాలు పుట్టవు. కన్యా గుచ్ఛం నడుమనున్న ఎం87 అలాంటి ముసలి దీర్ఘవృత్తాకారమే. 2019లో వెలువడిన తొలి కృష్ణబిలం చిత్రం దానిదే. ఆ బిలం బరువు దాదాపు 650 కోట్ల సూర్యుళ్లంత.

పాలపుంత ఉన్నది మాత్రం చిన్న పల్లెలాంటి స్థానిక సమూహంలో. అందులో పెద్దవి రెండే: పాలపుంత, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా. నవంబరు రాత్రుల్లో, దీపాలు లేని పొలాల నుంచి ఉత్తరాన మసక మరకలా ఆండ్రోమెడా కంటికే కనిపిస్తుంది. తక్కినవి చాలావరకు మరుగుజ్జు గెలాక్సీలు.

సమూహాలు, గుచ్ఛాలు కలిస్తే మహాగుచ్ఛాలు. పాలపుంత, కన్యా గుచ్ఛం రెండూ ఉన్న లనియాకియాను 2014లో గుర్తించారు. దాని వెడల్పు దాదాపు 52 కోట్ల కాంతి సంవత్సరాలు. 2017లో పుణె శాస్త్రజ్ఞులు మీనరాశి వైపు, 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో మరో మహాగుచ్ఛాన్ని కనుగొని సరస్వతి అని పేరు పెట్టారు. అందులో 43 గుచ్ఛాలున్నాయి.