"వర్క్ ఫ్రమ్ హోమ్ ఉందా?"

ప్లేస్‌మెంట్స్ మొదలైతే చాలు, మన గ్రూపుల్లో ప్యాకేజీ తర్వాత వచ్చే ప్రశ్న ఇదే. ఉంటే హాయి, లేకపోతే నరకం అన్నట్టు మాట్లాడుకుంటాం. నిజంగా అంతేనా? మనం ల్యాబ్‌లో చేసినట్టే దీన్ని ప్రయోగం చేసి చూసిన కంపెనీ ఒకటుంది: చైనాలోని ట్రావెల్ సంస్థ సీట్రిప్.

2010 డిసెంబర్‌లో తన షాంఘై కాల్‌సెంటర్‌లో, ఇంటి నుంచి పనిచేస్తామని ముందుకొచ్చినవాళ్లలో అర్హులైన 249 మందిని రెండు జట్లు చేసింది. పుట్టినతేదీ సరిసంఖ్య అయితే వారానికి నాలుగు రోజులు ఇల్లు. బేసి అయితే రోజూ ఆఫీసే. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలల లెక్కలు తీసింది. ఇంటి జట్టు పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు.

ఇంకేం, బాగుంది కదా అనుకుంటాం. కానీ ఆ 13లో దాదాపు 9 శాతం, బ్రేకులూ అనారోగ్య సెలవులూ తగ్గి ఎక్కువసేపు పనిచేయడం వల్ల వచ్చింది. మిగతాది మాత్రమే ప్రశాంతంగా, వేగంగా పనిచేసినందుకు. పనితీరు సమానంగా ఉన్నా ఇంటివాళ్లకు ప్రమోషన్లు తక్కువొచ్చాయి. ప్రయోగం అయ్యాక "మీ ఇష్టం" అంటే సుమారు సగం మంది ఆఫీసుకే తిరిగొచ్చారు. ఒంటరితనం ఒక ముఖ్య కారణం.

2021లో అదే సంస్థ, ట్రిప్ డాట్ కామ్ అనే కొత్త పేరుతో, ఇంకో ప్రయోగం చేసింది. ఈసారి 1,612 మంది. వాళ్లలో మనలాంటి ఇంజినీర్లూ ఉన్నారు. ఒక జట్టుకు బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పని, మిగతా మూడు రోజులు ఆఫీసు. ఫలితాలు 2024లో 'నేచర్' పత్రికలో వచ్చాయి: రాజీనామాలు మూడోవంతు తగ్గాయి, పనితీరులో తేడా లేదు, ఇంజినీర్లు రాసిన కోడ్ తగ్గలేదు. ఎక్కువ లాభపడింది ఆడవాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు, మేనేజర్లు కానివాళ్లు.

రెండూ పక్కపక్కన పెడితే తెలిసేది ఇదీ: మేలు చేసింది ఇల్లొక్కటే కాదు, ఇల్లూ ఆఫీసూ కుదిరిన పద్ధతి. ఏ రోజు ఎక్కడో ముందే తెలియాలి. టీమ్‌తో కలిసి కూర్చునే రోజులు ఉండాలి. ముఖ్యంగా ఫ్రెషర్లకి, పక్క సీటు సీనియర్‌ని అడిగి నేర్చుకునేది వీడియో కాల్‌లో అంత తేలిగ్గా దొరకదు.

అందుకే ఈసారి ఇంటర్వ్యూ చివర్లో "ఏమైనా అడగాలా?" అంటే, ఇలా అడిగి చూడండి: ఇంటి రోజులు ఎవరు నిర్ణయిస్తారు? టీమ్ ఏ రోజుల్లో కలుస్తుంది? సాయంత్రం ఎన్నింటి తర్వాత ఫోన్లు రావు? మూడోదానికి హెచ్‌ఆర్ నవ్వి ఊరుకుంటే, ఆఫర్ లెటర్ ఇంకోసారి చదవండి.