చిత్రము నాలుగు నిమిషములకే యేల నిలిచిపోయినది?

మందు త్రాగిన వెంటనే రోగి లేచి కూర్చున్నంతమాత్రమున, ఆ మందే రోగమును కుదిర్చినదని నిశ్చయింపరాదు. జ్వరము మరల ఎప్పుడు వచ్చునో కనిపెట్టి, ఆ కాలమును లెక్కించి, పిమ్మట కారణమును వెదకవలయును. యంత్రముల విషయమునను ఇంతియే. ఈ సంగతిని తేటపరచు ఉదాహరణము నొకదానిని మీకు చెప్పెదను.

ఒకానొక పాఠశాలలో వార్షికోత్సవము జరుగుచుండెను. సభామందిరము చాలనందున, వచ్చిన తలిదండ్రులలో పెక్కండ్రు తరగతిగదులలో కూర్చుండి టెలివిజనులపై ఉత్సవమును చూచునట్లు ఏర్పాటు చేసిరి. కెమెరా పట్టిన చిత్రమును ఎన్‌కోడరు అను పెట్టె అంకెల రూపమునకు మార్చి, నెట్‌వర్కు స్విచ్చిద్వారా 20 గదులకు పంపును. ముందునాటి సాయంకాలము ఒక నిమిషము చూచి, అంతయు బాగున్నదని సంతసించి అందరును ఇండ్లకు పోయిరి.

మరునాడు స్వాగతోపన్యాసము ముగియకమునుపే గదులలో చిత్రములు ఒకటొకటిగా నిలిచిపోయెను. ఒకరు కేబులును మార్చి టెలివిజనును తిరిగి వెలిగించిరి. చిత్రము వచ్చెను. దోషము కేబులుదే యనిరి. కొంతసేపటికి మరల నిలిచెను. వేరొకరు టెలివిజనునే మార్చిరి. చిత్రము వచ్చెను. దోషము టెలివిజనుదే యనిరి. అదియు నిలిచెను. మూడవవారు స్విచ్చిని ఆర్పి వెలిగించిరి. ఫలితము మునుపటివలెనే యుండెను. ఇంతలో, మనుమని నాటకమును చూచుటకై దూరగ్రామమునుండి వచ్చిన యొక అవ్వ కదలని చిత్రము నెదుట కూర్చుండియే యుండెను.

చేసిన ప్రతి చికిత్సయు ఫలించినట్లే తోచినది గదా! అదియే అందరిని మోసపుచ్చినది. అప్పుడు పదవ తరగతి విద్యార్థి యొకడు, టెలివిజనును వెలిగించిన క్షణమునుండి చేతిగడియారమును చూచుచు నిలుచుండెను. 4 నిమిషముల 20 సెకనులకు చిత్రము ఆగెను. పక్కగదిలోను అట్లే లెక్కించెను. అక్కడను 4 నిమిషముల 20 సెకనులే. చెడిన కేబులు గడియారము చూచుకొని చెడదు. కావున ఎక్కడనో, ఏదో యొక యంత్రము ఈ కాలమును లెక్కించుచున్నదని తేలినది. అది యేదో తెలియవలెనన్న, ముందుగా ప్రసారవిధానమును కొంత తెలిసికొనవలయును.

ప్రసారము మూడు విధములు

ప్రధానోపాధ్యాయుడు ఒక ప్రకటనను తరగతులకు తెలియజేయవలె ననుకొనుడు. ప్రతి తరగతికిని వేరువేరుగా ప్రతి వ్రాయించి పంపుట మొదటి విధము. దీనిని యూనికాస్టు అందురు. సంబంధమున్నను లేకున్నను అందరికిని వినబడునట్లు గంట కొట్టి చాటించుట రెండవది. ఇది బ్రాడ్‌కాస్టు. కోరినవారి పేళ్ల జాబితా నుంచుకొని, ఒకే ప్రతిని పంపి, దారులు చీలుచోట మాత్రమే నకలు తీయించి వారికి అందజేయుట మూడవది. ఇదియే మల్టికాస్టు, అనగా బృందప్రసారము.

దీని లాభమును లెక్కవేయుడు. ఒక చిత్రప్రవాహమునకు సెకనునకు 5 మెగాబిట్లు పట్టుననుకొందము. మొదటి విధమున 20 గదులకు పంపుటకు 100 మెగాబిట్లు కావలయును. ఎన్‌కోడరునుండి స్విచ్చికి పోవు తీగ 100 మెగాబిట్లదే యైనచో అది పూర్తిగా నిండిపోవును. బృందప్రసారమున ఆ తీగపై పోవునది 5 మెగాబిట్లు మాత్రమే. గదులు 20 అయినను 200 అయినను అది పెరుగదు.

ఈ పద్ధతికి ప్రమాణమైన నియమములను స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి స్టీవు డీరింగు 1989వ సంవత్సరమున ఆర్.ఎఫ్.సి. 1112 అను పత్రమున ప్రకటించెను. ఇంటర్నెట్టు ప్రోటోకాలు నాలుగవ రూపమున 224.0.0.0 మొదలుకొని 239.255.255.255 వరకుగల చిరునామాలు బృందములకై ప్రత్యేకింపబడినవి. ఇవి ఏ యొక్క యంత్రమునకును చెందినవి కావు. బృందమునకు చెందినవి.

స్విచ్చి చేయు పని

స్విచ్చి తనయొద్దకు వచ్చు ప్రతి ప్యాకెట్టుపైనను పంపినవారి చిరునామాను చదివి, ఈ చిరునామాగల యంత్రము ఈ పోర్టునందున్నదని పట్టికలో వ్రాసికొనును. తరువాత ఆ యంత్రమునకు వచ్చు ప్యాకెట్టులను ఆ పోర్టునకే పంపును. కాని బృందచిరునామా ఎన్నడును పంపినవారి చిరునామాగా కనబడదు. కావున ఈ విధమున దానిని నేర్చుకొనుటకు స్విచ్చికి వీలులేదు. తెలియనిదానిని అన్ని పోర్టులకును పంపివేయుట దాని స్వభావము. అప్పుడు మల్టికాస్టునకును బ్రాడ్‌కాస్టునకును భేదముండదు.

ఈ చిక్కును తీర్చుటకు స్నూపింగు అను ఉపాయము ఏర్పడినది. స్నూపింగనగా పొంచి వినుట. చిత్రమును కోరు టెలివిజను, నేను ఫలానా బృందమున చేరితినని యొక జాబును పంపును. ఈ జాబుల నియమావళికి ఇంటర్నెట్ గ్రూప్ మేనేజిమెంట్ ప్రోటోకాలు, క్లుప్తముగా ఐ.జి.ఎం.పి., అని పేరు. స్విచ్చి ఆ జాబును పొంచి విని, వచ్చిన పోర్టును బృందపట్టికలో చేర్చి, చిత్రమును ఆ పోర్టునకు పంపును. కోరని పోర్టులకు పంపదు.

హాజరు పిలుచువారు లేని తరగతి

ఇక అసలు రహస్యమునకు వత్తము. టెలివిజను చేరినప్పుడు జాబు పంపును. సెలవు తీసికొనకుండ హఠాత్తుగా ఆరిపోయినచో? దాని పేరు పట్టికలో ఎల్లకాలమును ఉండరాదు గదా! అందుచేత అప్పుడప్పుడు హాజరు పిలుచుట అవసరము. పిలుచువానికి క్వెరియరు అని పేరు. అది 125 సెకనులకు ఒకమారు, ఈ బృందములలో ఎవరెవరున్నారని ప్రశ్నించును. ఉన్నవారు 10 సెకనులలోపల బదులు చెప్పవలయును. రెండు పిలుపులకాలము గడచి, మరి 10 సెకనులైనను బదులు రానిచో పేరు కొట్టివేయబడును. 125ను రెండుచే హెచ్చించి 10 కలుపుడు. 260 సెకనులు, అనగా 4 నిమిషముల 20 సెకనులు! ఐ.జి.ఎం.పి. రెండవ రూపమును ప్రకటించిన 1997వ సంవత్సరపు పత్రమున నియమింపబడిన సహజకాలము ఇదియే. కొన్ని స్విచ్చులలో ఇది వేరుగా నుండవచ్చును.

మన విద్యార్థి గడియారమున చూచిన కాలము ఇదియే గదా! టెలివిజను తన పిమ్మట హాజరు చెప్పకపోవుట దాని దోషము కాదు. పిలువనిదే పలుకుట దాని నియమము కాదు. రూటరు బృందప్రసారమును నడపుచోట ఆ రూటరే హాజరు పిలుచును. ఆ పాఠశాలలో అట్టి రూటరు లేదు. స్విచ్చి హాజరుపట్టీని ఉంచుకొన్నదే కాని, పిలుచువారు లేరు. కావున గడువు తీరగానే పేళ్లన్నియు కొట్టివేసినది. టెలివిజనును తిరిగి వెలిగించినప్పుడు క్రొత్త జాబు పోయి, మరియొక 260 సెకనుల ఆయువు దొరికినది. కేబులు మార్చినను, స్విచ్చిని ఆర్పినను ఇదియే జరిగినది. చికిత్సలు ఫలించినట్లు తోచుటకు కారణమిది.

నివారణము స్వల్పము. స్విచ్చియందే క్వెరియరు పని చేయు సదుపాయము సాధారణముగా నుండును. దానిని ఒక స్విచ్చియందు నెలకొల్పి, ఆ స్విచ్చికి తగిన చిరునామా నొసగినచో చాలును. రెండు క్వెరియర్లున్నచోట తక్కువ సంఖ్యగల చిరునామా కలదే పిలుచును. రెండవది ఊరకుండును.

కొందరు స్నూపింగునే తీసివేయుదురు. చిత్రము వచ్చును, నిజమే. కాని అది కోరినవారికిని కోరనివారికిని, కార్యాలయపు కంప్యూటరునకును, ప్రయోగశాలకును ప్రవహించును. తీగలేని వై-ఫైపై బృందప్యాకెట్టులు సాధారణముగా తక్కువ వేగమున పోవుటచే అక్కడివారి పనులన్నియు కుంటుపడును. హాజరు పిలుచుట కష్టమని హాజరుపట్టీని చింపివేయుటవంటిది ఈ ఉపాయము.

ఇతర లోపములును వాని గురుతులును

మొదటినుండియు చిత్రమే రానిచో క్వెరియరును నిందింపరాదు. పంపువారును చూచువారును స్విచ్చిలోని ఒకే విభాగమున, అనగా ఒకే వీలానులో, ఉన్నారేమో చూడవలయును. వేరువేరు విభాగములైనచో మధ్యనుండు రూటరు బృందప్రసారమును దాటించునట్లు ఏర్పరుపవలయును. ప్రతి ప్యాకెట్టునకును టీ.టీ.ఎల్. అను ఆయుస్సంఖ్య కలదు. రూటరును దాటునప్పుడెల్ల అది ఒకటి తగ్గును. బృందప్యాకెట్టులకు వేరుగా చెప్పనిచో ఈ సంఖ్య 1 గానే యుండును. అట్టిది మొదటి రూటరునొద్దనే నశించును.

ఎవరును కోరకున్నను చిత్రము అన్ని పోర్టులకును పోవుచున్నచో చిరునామాను పరిశీలింపుడు. 224.0.0 తో మొదలగునవి నెట్‌వర్కు యంత్రముల స్వంతపనులకై యున్నవి. వానిని స్విచ్చులు అన్నివైపులకును పంపవలయును. అంతియ కాదు. బృందచిరునామాను ఈథర్‌నెట్టు చిరునామాగా మార్చునప్పుడు చివరి 23 బిట్లే నిలుచును. 5 బిట్లు లోపించుటచే 32 బృందములకు ఒకే ఈథర్‌నెట్టు చిరునామా కలుగును. 239.0.0.1 అనునది 224.0.0.1తో నిట్లు కలిసిపోవును. కావున 239.0.0, 239.128.0 అను వానితో మొదలగు చిరునామాలను విడిచి, 239.10.1.1 వంటివానిని ఏరుకొనుట మేలు.

ఒక గదిలో టెలివిజనును ఆర్పగానే పక్కగదిలోనిదియు ఆగినచో, ఆ రెండును చిన్నస్విచ్చి ద్వారా పెద్దస్విచ్చియొక్క ఒకే పోర్టునకు తగిలింపబడినవేమో చూడుడు. సెలవుజాబు వచ్చిన తక్షణమే పోర్టును తొలగించు ఇమ్మీడియేట్ లీవు అను ఏర్పాటు, ఒక్క టెలివిజను మాత్రమున్న పోర్టునకే తగును. రెండున్నచోట అది ఒకనికి సెలవిచ్చి ఇద్దరిని గెంటివేయుటయే.

చిత్రము వచ్చుచునే చదరములు చదరములుగా చీలుచున్నచో, ప్యాకెట్టులు దారిలో పోవుచున్నవని గురుతు. ఈ ప్రసారమునందు సాధారణముగా పోయినదానిని మరల అడుగుట లేదు. 188 బైట్ల తునకలు ఏడు కలిపి 1316 బైట్లుగా ఒక్కొక్క ప్యాకెట్టునందు పంపుట వాడుక. ఒక ప్యాకెట్టు పోయిన ఏడు తునకలును పోవును. ఇట్టిచోట స్విచ్చి పోర్టులలోని తప్పుల లెక్కను చదివి, చెడిన కేబులును పట్టవలయును. కేబులు మార్చుటకు తగిన సమయమిది.

పరీక్షించు క్రమము

మొదట, పంపుయంత్రము నిజముగా పంపుచున్నదా? రెండవది, చూచు యంత్రమునుండి చేరికజాబు పోవుచున్నదా? వైర్‌షార్కు అను సాధనముతో ఈ రెంటిని కంటితో చూడవచ్చును. మూడవది, స్విచ్చి బృందపట్టికలో ఆ పోర్టు కనబడుచున్నదా? నాలుగవది, క్వెరియరు ఎవరు? ఐదవది, చిత్రము ఎంతకాలమునకు నిలుచుచున్నది? ఒకమారు ఒక్క మార్పే చేయవలయును. రెండు మార్పులు ఒకసారి చేసినవానికి ఏది ఫలించినదో తెలియదు.

ఆ పాఠశాలలో క్వెరియరును నెలకొల్పిన పిదప ఉత్సవము ముగియువరకు చిత్రము ఒక్కమారైనను ఆగలేదు. కాని అవ్వ మనుమని నాటకము అప్పటికే అయిపోయెను. ఆ బాలుడు వేషము తీయకయే గదికి వచ్చి, తన మాటలను ఆమెయెదుట మరల చెప్పెను. ఆమె సంతోషించినది. అయినను ముందునాడు ఒక నిమిషము చూచి పోవుటకు మారుగా పది నిమిషములు చూచియుండినచో, ఈ లోపము ఆ సాయంకాలమే బయటపడియుండును.

విద్యార్థులారా, మీ ప్రయోగశాలలోనైనను, మీ ఇంటియందైనను ఏదేని చెడినప్పుడు మొదట గడియారమును చూడుడు. చికిత్స చేసిన పిమ్మట, రోగము తిరిగి రాదగిన కాలము గడచువరకు కనిపెట్టియుండుడు. అంతవరకు కుదిరినదని చెప్పకుడు.