మల్లి పండుకొను చోటు

వానకారున కుక్కల, పిల్లుల బొచ్చును పాడుచేయు కీటకములను గూర్చి, వాని నివాసమును గూర్చి

మృగశిర కార్తె ప్రవేశించి రెండు వానలు గట్టిగా కురిసి, గోదావరి కాలువలలో ఎఱ్ఱనీరు వచ్చినది మొదలుకొని కోనసీమలోని మా యింట ఏ వస్తువును పొడిగా నుండదు. జాడీలోని ఉప్పు నీరుగారును, పుస్తకముల అట్టలపై బూజు పట్టును, దండెముపై వేసిన పంచె మూడు దినములైనను తడివాసన వీడదు. రెండేండ్ల క్రిందట అట్టి దినములలోనే, తొమ్మిదేండ్లుగా మాతో కలసి బ్రతుకుచున్న మల్లి యను తెల్లని పొమరేనియన్ కుక్క, రాత్రులందు నిద్రమాని తన తోక మొదటిభాగమును పండ్లతో గీరుకొనుట మొదలుపెట్టినది. వాన వలన బయట తిరుగ వీలులేని విసుగుచే నట్లు చేయుచున్నదని తలచితిమి. పది దినములు గడచునప్పటికి నడుముపై అరచేయంత మేర బొచ్చు రాలి, ఎఱ్ఱని చర్మము బయటపడి, దానినుండి రసి కారుచుండుట చూచి నా భార్యకును నాకును అన్నము సహింపలేదు.

మురికియే కారణమనుకొని దినదినము దానికి స్నానము చేయించితిమి. అదియును మేము వాడుకొను సబ్బుతోనే చేయించితిమి. మేలు కలుగలేదు సరిగదా, బొచ్చునకు సహజముగా నుండు జిడ్డు పోయి, లోపలి తడి ఆరు అవకాశము లేక, పుండు మఱింత వ్యాపించినది. తుదకు కబురంపగా, ఒక యువ పశువైద్యుడు వానలో తడియుచు మా యింటికి వచ్చెను. మల్లిని ఎత్తి బల్లమీద నిలుపబోవుచుండగా ఆయన నన్ను వారించి, “మాస్టారూ, కుక్కను తర్వాత చూద్దాం. ముందు అది ఎక్కడ పడుకుంటుందో చూపించండి” అనెను.

వంటయింటి వెనుక పంచలో, గోడవార, బియ్యపు గోనెసంచి నాలుగు మడతలు వేసి పఱచినదే మల్లి పడక. వైద్యుడు ఆ గోనెను మెల్లగా ఎత్తి, దాని మడతలలోని ధూళిని ఒక తెల్లకాగితముమీద దులిపి, నాలుగు నీటిచుక్కలు చల్లెను. మిరియపు పొడివలె నల్లగా నున్న రేణువులు క్షణములో కరగి, కాగితముపై ఎఱ్ఱగోధుమ రంగు మరకలు పాకినవి. “ఇది మట్టి కాదండీ, మీ మల్లి నెత్తురే” అని ఆయన చెప్పినప్పుడు, ఇన్ని దినములు మేము శుభ్రపఱచవలసిన దానిని విడిచి, కష్టపెట్టకూడని దానిని కష్టపెట్టితిమని నాకు బోధపడినది.

పేను, పిడుదు, గోమారి అను మాటలను మనము ఊరికొక తీరున, ఒకదానికి బదులు మఱియొకటిగా వాడుచుందుము. మాటలలోని యీ కలయిక మందుల దుకాణముకడ చిక్కు తెచ్చును గనుక, ఈ వ్యాసమున నెగసి దుముకు చిన్న పురుగును, ఇంగ్లీషున ఫ్లీ యనుదానిని, గెంతుపేను అనియు, ఎనిమిది కాళ్లతో చర్మమును గట్టిగా పట్టుకొని గింజవలె ఉబ్బుదానిని పిడుదు అనియు వ్యవహరింతును. గెంతుపేను రెండు మూడు మిల్లీమీటర్లకు మించని ఎఱ్ఱగోధుమ వన్నె జీవి. రెండు ప్రక్కల నొక్కినట్లు పలుచనైన దేహము, వెనుకకు వాలిన ముండ్లవంటి వెండ్రుకలు గల దగుటచే దట్టమైన బొచ్చు నడుమ నెదురులేక పరుగెత్తగలదు. రెక్కలు లేకున్నను, రెసిలిన్ అను రబ్బరువంటి పదార్థమున శక్తిని బిగించి యుంచుకొని ఒక్కసారిగా విడుచుటచే తన పొడవునకు పెక్కు రెట్లు దూరము దుముకగలదు. శాస్త్రజ్ఞులు పిల్లి పేరుతో పిలిచిన జాతియే పెక్కు దేశములలో కుక్కలను సైతము ఎక్కువగా పీడించుచున్నది. దీని దాయాదియైన ఎలుక గెంతుపేనే ప్లేగును ఒక ఎలుకనుండి మఱియొక ఎలుకకు చేర్చునని 1898లో కరాచీ నగరమున పాల్ లూయీ సిమాన్ అను ఫ్రెంచి వైద్యుడు నిరూపించెను. మన కుక్కలపై నుండునది ఆ జాతి కాదు. అయినను ఇంత చిన్న పురుగును నిర్లక్ష్యము చేయరాదని చెప్పుటకు ఆ చరిత్ర చాలును.

గోనెలోని సంసారము

వైద్యుడు ఆనాడు మా పంచలో పీటవేసికొని కూర్చుండి చెప్పిన విషయములన్నిటిలో నన్ను మిక్కిలి కలవరపెట్టినది యిది: కుక్క దేహముపై మనకు కనబడు పెద్ద పురుగులు ఆ కుటుంబమునందు నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే. తక్కిన 95 పాళ్లు గ్రుడ్లుగను, పిల్లపురుగులుగను, గూళ్లుగను పడకలోను, నేలనెఱ్ఱెలలోను, తివాసి పోగులలోను, మంచముల క్రిందను దాగియుండును. నెత్తురు త్రాగిన ఒకటి రెండు దినములకే ఆడుపురుగు గ్రుడ్లు పెట్టసాగి, బలముగా నున్న దశలో దినమునకు 40, 50 వఱకు పెట్టును. ఆ గ్రుడ్లు పేను ఈపులవలె వెండ్రుకను అంటుకొని యుండవు. ముత్యములవలె నునుపైన వగుటచే కుక్క ఒడలు విదుర్చుకొనినప్పుడెల్ల జారి, అది పండుకొనిన చోటనే రాలును. వానినుండి పుట్టు పిల్లపురుగులు వెలుతురునకు వెఱచి చీకటి మూలలకు ప్రాకి, తల్లి విసర్జించిన ఎండునెత్తుటి రేణువులను తిని పెరుగును. మేము కాగితముమీద చూచిన నల్లని పొడి ఆ శిశువుల ఆహారమే.

ఈ పిల్లపురుగులకు గాలిలోని తేమయే ప్రాణాధారము. గాలి బాగుగా పొడియైనచో అవి ఎండి చచ్చును. తేమ నూటికి 75 పాళ్లకు పైబడి, వేడిమి 20 డిగ్రీలకును 30 డిగ్రీలకును నడుమ నున్నచో వానికి పండుగయే. మన శ్రావణ భాద్రపదములు వాని కోసమే ఏర్పడినవా యనునట్లు ఈ రెండు గుణములు కలిగియున్నవి. కోస్తాలోనైతే నైరృతి వానలు తగ్గీ తగ్గకముందే ఈశాన్య ఋతుపవనము తోడై కార్తికము వఱకు తడి వదలదు. అనుకూలమైన ఋతువున గ్రుడ్డు మొదలు గ్రుడ్డు వఱకు మూడు నాలుగు వారములలో ఒక తరము తీరిపోవును.

ఇక గూటిలోని దశ యన్నిటికంటె కష్టమైనది. పిల్లపురుగు పట్టుదారమువంటి దానితో గూడు కట్టుకొని, దానికి ధూళిని అంటించుకొని, చూపఱకు మట్టిరేణువువలె పడియుండును. మందులు ఆ గూటిలోనికి సులభముగా చొరవు. లోని పురుగు నెలల కొలది నిరీక్షింపగలదు. అడుగుల అదురు, దేహపు వేడి, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు తగిలినప్పుడు ఆహారము దాపునకు వచ్చినదని యెఱిగి బయటికి దుముకును. ఎండకాలపు సెలవులకు పోయి, మూసిన యింటికి తిరిగివచ్చిన దినముననే కాళ్లకు పురుగులు కుట్టుట కొందఱి యనుభవము, దాని రహస్యమిదియే. మందు వేసిన పదునైదు దినములకు మరల గెంతుపేలు కనబడగా మందు పనిచేయలేదని కోపించి మానుకొనువారు, అవి పాత గూళ్లనుండి వెలువడిన క్రొత్తవని తెలియక అట్లు చేయుదురు. తక్కువలో తక్కువ మూడు నెలలు, ఇంటిలోని కుక్కలకు పిల్లులకు అన్నిటికిని ఒక్కసారిగా చికిత్స జరిగిననే గాని యీ చక్రము తెగదు.

కావున ఆనాడే గోనెను తగులబెట్టి, దాని స్థానమున వారమున కొకసారి మరగిన నీటిలో వేసి ఉతుకదగిన పాత దుప్పటిని పఱచితిమి. నేలనెఱ్ఱెలను సిమెంటుతో పూడ్పించితిమి. మంచముల క్రింద, బీరువాల వెనుక దినదినము ఊడ్చి, ఆ చెత్తను ఇంటిలో నుంచక పాఱవేయుచుంటిమి; వాక్యూమ్ యంత్రమున్నవారికి ఈ పని సులభము, ఆ యంత్రపు అదురునకు గూళ్లలోని పురుగులు వెలువడును గూడ. ఎండ కాచిన ప్రతి గంటయు దుప్పటి గోడపైననే యుండెడిది.

మందును గూర్చి, మందు కాని వానిని గూర్చి

మల్లికి కలిగినది గెంతుపేను లాలాజలము సరిపడక వచ్చు చర్మవ్యాధి. దాని గుణము గలిగిన కుక్కకు ఒకటి రెండు కాట్లే చాలును. అందుచేతనే యెంత వెదకినను మాకు పురుగు కంటబడలేదు. వైద్యుడు భుజముల నడుమ చర్మముపై వేయు ఫిప్రోనిల్ చుక్కలమందును వ్రాసియిచ్చి, అది వేయుటకు ముందు రెండు దినములు, తరువాత రెండు దినములు స్నానము కూడదని హెచ్చరించెను. ఇటీవలి కాలమున వచ్చిన ఫ్లూరలానర్, అఫోక్సోలానర్ మొదలగు మాత్రలు గెంతుపేలకును పిడుదులకును గూడ పనిచేయును. మూర్ఛలు వచ్చు కుక్కల విషయమున మాత్రము వైద్యునకు ముందే చెప్పవలెను. ఏ మందైనను జంతువు తూకమును బట్టి యుండును. ఎనిమిది వారములైన నిండని పిల్లలకు పెక్కు మందులు పనికిరావు. వానికి ఈర్పెనతో ఓపికగా దువ్వి, చిక్కిన పురుగులను సబ్బునీటిలో ముంచుటయే మార్గము.

పిల్లులను గూర్చి నేను నొక్కి చెప్పదలచినది యొకటి కలదు. కుక్కలకై చేసిన మందులలో పెర్మెత్రిన్ కలిసినవి పిల్లికి ప్రాణాంతకములు; దాని కాలేయమునకు ఆ విషమును విఱుగగొట్టు శక్తి చాలదు. మా పొరుగింటివారు ఒక దుకాణమున కుక్కల పొడి కొని, ప్రేమతోనే, తమ పిల్లికి అద్దగా అది గంటలలో వణకి వణకి పడిపోయినది. వెంటనే స్నానము చేయించి వైద్యుని కడకు చేర్చుటచే బ్రతికినది. నేల కడుగు ఫినాయిలును అట్టిదే. పిల్లి తడినేలపై నడచి పాదములు నాకుకొనుటచే అది కడుపులోనికి పోవును. పడకలో కలరా ఉండలు దాచుట, ఒంటికి కిరసనాయిలు పూయుట, పొలమునకు కొట్టు మందును నీటిలో కలిపి కుక్కపై పోయుట నేను మా ప్రాంతమున కన్నులార చూచితిని. వీనిలో నొక్కటియు చికిత్స కాదు. వేపనూనెకును వేపాకు కషాయమునకును కీటకములను దూరముచేయు గుణము కొంత గలదని నేను నమ్ముదును, వేపచెట్టు నీడలోనే పెరిగినవాడను. కాని ఇల్లంతయు ప్రాకిన పురుగును ఒక్క వేప అణపలేదు.

పిడుదుల కథ వేఱు. అవి మందగమనము గలవి. నెత్తురు త్రాగి ఉబ్బిన ఆడుపిడుదు కుక్కనుండి జారి, గోడపగుళ్లలోనికి ప్రాకి వేలకొలది గ్రుడ్లు పెట్టును. ఎర్లీకియా, బబీసియా అను క్రిములను నెత్తుటిలో ప్రవేశపెట్టి జ్వరము, రక్తహీనత కలిగించును గనుక వానకారున కుక్క అన్నము మాని చిగుళ్లు తెల్లబడి నీరసించినచో ఒక్క దినమైనను జాగు చేయరాదు. పట్టుకొన్న పిడుదును అగరువత్తితో కాల్పక, పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టి తిన్నగా పైకి లాగవలెను. గెంతుపేను వలన వచ్చు మఱియొక యుపద్రవము బద్దెపురుగు. ఒడలు నాకుకొనునప్పుడు కుక్క ఆ పేనును మ్రింగును, దానితోనే బద్దెపురుగు కడుపున చేరును; తోకక్రింద వరిగింజలవంటి తునుకలు కనబడుట దాని గుర్తు. పేనును పొరపాటున మ్రింగిన పసిపిల్లలకును ఇది రావచ్చును.

బొచ్చు ఆరుట

కొల్లేటి తీరమున బాతులను కాచు జోనంగి కుక్కను చూచినవారికి ఆ నేలకు ఆ దేహము ఎంత తగినదో తెలియును: చర్మమునకు అతుక్కొన్న పొట్టి బొచ్చు, నీరు నిలువక జారిపోవును, క్షణములో ఆరును. మనము పెంచుకొను పొమరేనియన్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ జాతులు చలిదేశములవి. పైబొచ్చు క్రింద దూదివంటి లోబొచ్చు ఒకటి వానికి గలదు. పైకి ఆరినట్లు కనబడినను లోబొచ్చు గంటల కొలది తడిని పట్టియుంచును. ఆ వెచ్చని చెమ్మలోనే శిలీంధ్రములు, సూక్ష్మక్రిములు వృద్ధియై తామరయు, దుర్వాసనయు, చీముపొక్కులును కలుగును. అట్లని బొచ్చును మొదలంట గొఱిగింపరాదు. అది ఎండకును వానకును కవచము, రెండు పొరల బొచ్చు గొఱిగిన పిమ్మట కొన్నింటికి మునుపటివలె రాదు.

చేయదగిన దేమనగా, స్నానమును మూడు నాలుగు వారముల కొకసారికి తగ్గించి, దువ్వుటను నిత్యకృత్యము చేసికొనవలెను. స్నానమునకు ముందే చిక్కు తీయవలెను. తడిసిన చిక్కు బిగిసి చర్మమును లాగును. కుక్క చర్మము మన చర్మమువలె ఆమ్లగుణము గలది కాదు, తటస్థమునకు దగ్గఱగా నుండును. మన సబ్బులు దానికి పడకపోవుటకు కారణమిదియే. వానలో తిరిగి వచ్చినంతనే పాదములను మంచినీటితో కడిగి, వ్రేళ్ల నడుమను, చెవుల మడతలను, పొట్టక్రిందను పొడిగుడ్డతో అద్ది తుడువవలెను. వీధిలో నిలిచిన నీటిని త్రాగనీయరాదు. ఎలుకల మూత్రము కలసిన నీటినుండి వచ్చు లెప్టోస్పైరా వ్యాధి కుక్కనుండి మనకును సోకగలదు, దానికి టీకా యున్నది. ఆహారమున ఉడికిన గ్రుడ్డు, చేప బొచ్చునకు నిగనిగ నిచ్చును.

మల్లికి తోక మొదట క్రొత్తబొచ్చు మొలకెత్తుట కార్తికమాసమున కనబడినది. నాటినుండి ప్రతి ఆదివారము ఉదయమున దాని దుప్పటిని తెల్లకాగితముమీద దులిపి నీరు చల్లి చూచుట నాకు అలవాటైనది. మొన్నటి వారము కాగితము తెల్లగానే ఆరినది. దానిని మడచి పాఱవేయ వీధిలోనికి పోగా, మా అరుగుక్రింద వానకు ఒదిగి, ఎవరో పాఱవేసిన గోనెముక్కపై పండుకొని, వీధికుక్క యొకటి తోక మొదలు గీరుకొనుచుండెను. నేను లోపలికి వచ్చి, “ఏమే, పాత దుప్పటి యింకొకటి యున్నదా?” అని నా భార్యను అడిగితిని. ఆమె అప్పటికే పొయ్యిమీద నీళ్లు పెట్టుచుండెను.