ఆ యుద్ధనౌక ఎలా ఉండేది?

అమెరికా అంతర్యుద్ధంలో సవానా నగరానికి కాపలా కాసిన సీఎస్‌ఎస్ జార్జియాకు నిర్మాణ పటాలు దొరకలేదు. నిజమని నమ్మిన ఒక్క ఫొటో కూడా నకిలీదని తేలింది. ఇక మిగిలిన సాక్షి, నది అడుగున పడి ఉన్న ఇనుమే.

1862 మార్చిలో హాంప్టన్ రోడ్స్ దగ్గర ఉత్తరాది నౌక మానిటర్, దక్షిణాది నౌక వర్జీనియా తలపడ్డాయి. ఇనుప కవచం తొడిగిన నౌకలు (ఐరన్‌క్లాడ్లు) ఒకదానితో ఒకటి పోరాడటం అదే మొదటిసారి. కొయ్య ఓడలకు ఇక కాలం చెల్లిందని అందరికీ అర్థమైంది. బానిసత్వాన్ని కాపాడుకునేందుకు దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల్లో ఊరూరా ఇలాంటి నౌక కావాలన్న ఆరాటం మొదలైంది. జార్జియా రాష్ట్ర మహిళలు సంఘంగా ఏర్పడి 1,15,000 డాలర్లు పోగుచేశారు. ఆ ఏప్రిల్లోనే సవానా నదీముఖంలోని పులాస్కీ కోట ఉత్తరాది సేన చేతికి చిక్కింది. శత్రువు గుమ్మం ముందుకొచ్చినట్టయింది. సవానాలో ఆదరాబాదరాగా నౌకను కట్టేశారు.

రైలు పట్టాల కవచం

యుద్ధనౌకకు కావలసిన మందపాటి ఇనుప పలకలను తయారుచేసే మిల్లులు దక్షిణాదిలో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. అందుకే రైలు పట్టాలు తెచ్చారు. ఏటవాలుగా నిలిపిన దుంగల గోడమీద వాటిని పక్కపక్కనే బిగించారు. ఒక పట్టా తల పైకి ఉంటే, పక్కదాని తల కిందికి. అలా ఒకదాని సందులో మరొకటి ఇమిడిపోయి గోడంతా ఇనుమైపోయింది. కానీ అంత బరువును ఈడ్చే సత్తా ఇంజన్లకు లేకపోయింది. నదికి ఎదురీదలేని నౌకను జాక్సన్ కోట దగ్గర లంగరు వేసి, తేలే ఫిరంగి దిమ్మెగా వాడుకున్నారు. 1864 డిసెంబరులో ఉత్తరాది జనరల్ షెర్మన్ సేన ఊరి పొలిమేరకు చేరగానే నౌక శత్రువుకు దక్కకూడదని సొంతవాళ్లే ముంచేశారు.

పొడవెంత? ఆనాటి రాతల్లో ఒకచోట 150 అడుగులు, మరోచోట 250. ఫిరంగుల సంఖ్యా ఒక్కో చోట ఒక్కోలా ఉంది. బొమ్మలు గీసినవారూ తలోరకంగా గీశారు.

అందరూ నమ్మిన ఫొటో

1986లో ఒక ఫొటో వెలుగులోకి వచ్చింది. పాత సామాన్లు అమ్ముతున్న ఓ ఇంటి దగ్గర కనిపించిందని, కొనే స్తోమత లేక దాన్నే ఫొటో తీసుకున్నానని ఒకాయన చెప్పాడు. మసకబారిన చిత్రం, నీటిమీద ఏటవాలు గోడల నౌక. అసలు ప్రతి కోసం పరిశోధకులు ఎంత గాలించినా దొరకలేదు. దాంతో చిత్రాన్ని ఖాయం చేయలేకపోయారు, అలాగని కొట్టిపారేయనూ లేకపోయారు. చివరికి 2015లో అతనే నిజం ఒప్పుకున్నాడు. కుర్రతనంలో తాను చేసిన రెండడుగుల బొమ్మ నౌక అది. తమ్ముడికి కోటు, గడ్డి టోపీ తొడిగి, చేతికి గేలం కర్ర ఇచ్చి నిలబెట్టి ఆ దృశ్యాన్ని సృష్టించాడు.

దాదాపు 3 దశాబ్దాలపాటు ఆ ఫొటో ఎలా నిలబడింది? ఐరన్‌క్లాడ్ ఎలా ఉంటుందని మనం అనుకుంటామో అచ్చం అలాగే ఉంది కాబట్టి. మన ఊహకు సరిగ్గా సరిపోయిన సాక్ష్యాన్నే ముందుగా అనుమానించాలన్నది చరిత్ర పరిశోధకులందరికీ ఈ నౌక నేర్పే పాఠం.

నిలకడ మీద తెలిసిన నిజం

1968లో నదిలో పూడిక తీస్తున్న యంత్రానికి శిథిలాలు తగిలాయి. ఆ పూడికతీతలే నౌకను కొంత ధ్వంసం కూడా చేశాయి. ఓడరేవును 42 అడుగుల నుంచి 47 అడుగులకు లోతు చేయాలనుకున్నప్పుడు, ముందుగా శిథిలాలను వెలికితీయడం తప్పనిసరైంది. ఆ బాధ్యత అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం తీసుకుంది. 2013లో 64 చదరపు అడుగుల కవచం ముక్కను పైకి లాగారు. 2015లో నౌకాదళ డైవర్లు ఫిరంగులను, కవచం భాగాలను, యంత్రాలను బయటికి తెచ్చారు. బురదనీటిలో కన్ను పొడుచుకున్నా కానరాదు. సోనార్ చూపిన దారిలో వెళ్లి, చేతులతో తడిమి పనిచేశారు.

పట్టాల అమరిక, దుంగల మందం, గోడ వాలు, ఫిరంగుల రకాలు ఇప్పుడు ఊహలు కావు, కొలతలు. నౌక అడుగుభాగం మాత్రం చాలావరకు నశించింది. కాబట్టి మొత్తం పొడవు మీద వాదన తెగదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. రేపు ఎవరైనా ఈ నౌక నమూనా చేస్తే, ఇనుము చెప్పినంతవరకు గట్టి గీతతో, మిగిలినదంతా చుక్కల గీతతో చూపించాలి. చూసేవారికి ఆ తేడా విడమరిచి చెప్పాలి. చుక్కల గీతను చిన్నతనంగా భావించనక్కర్లేదు. అందమైన అబద్ధానికి లొంగని పరిశోధకుడి నిజాయితీకి అంతకు మించిన గుర్తు లేదు.