పండగనాటి దొంగలు

ఇంగ్లండులో చాలామందికి క్రిస్మసు పండగనాడు ఒక చిత్రమైన సరదా ఉన్నది. పగలు చర్చికి వెళ్ళి వచ్చి, చుట్టాలతో కలిసి విందు చేసి, రాత్రి చలిమంట ముందు కూచుని వాళ్ళు దొంగతనం కథో, హత్య కథో చదువుతారు. పండగ పూట ఇదేం పాడు బుద్ధి అని మన బామ్మలు అనవచ్చు. కాని ఈ కథల్లో రక్తపాతం ఎక్కువగా ఉండదు. ఒక పెద్ద ఇల్లు ఉంటుంది. దాని నిండా చుట్టాలుంటారు. బయట మంచు కురుస్తూంటుంది. ఇంతలో ఇంట్లో విలువైన వస్తువేదో మాయమవుతుంది. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుకున్నవాళ్ళే ఒకరినొకరు అనుమానంగా చూసుకోవటం మొదలుపెడతారు. చివరకు తెలివిగలవాడొకడు ఆలోచించి నిజం బయటపెడతాడు. అందరూ మళ్ళీ తేలికపడిన మనసులతో భోజనానికి కూచుంటారు.

మన పిల్లల చేతికి ఇలాటి పుస్తకాలు సాధారణంగా వేసవి సెలవుల్లో వస్తాయి. బయట రోళ్ళు పగిలే ఎండ కాస్తూంటే, పుస్తకంలో మోకాలిలోతు మంచు! కాలం కాని కాలంలో చదివితే ఈ కథలు రుచిస్తాయా? రుచిస్తాయి సరిగదా, కొన్ని సంగతులు అప్పుడే బాగా తెలుస్తాయి. అదెలాగో ఒక కథ తీసుకుని చూద్దాం.

షెర్లాక్ హోమ్స్ పేరు విననివారు తక్కువ. ఆయన కథలు రాసిన ఆర్థర్ కానన్ డాయల్ 1892 జనవరిలో లండనులోని "స్ట్రాండ్" అనే మాసపత్రికలో "బ్లూ కార్బంకిల్" అనే కథ ప్రచురించాడు. కార్బంకిల్ అంటే ఎర్రని రత్నం. ఈ కథలోది మాత్రం నీలిరంగుది. హోటల్లో దిగిన ఒక గొప్పింటి ఆవిడ గదిలోనుంచి ఆ రత్నం పోయింది. పొయ్యి కమ్మీ ఊడితే అతకటానికి ఆ గదిలోకి వచ్చిన హార్నర్ అనే పనివాడి మీద అనుమానం పడింది. హార్నర్ అంతకుముందు ఒకసారి దొంగతనం చేసి జైలుకు పోయినవాడు. ఇంకేం కావాలి? రత్నం అతని దగ్గర దొరకకపోయినా పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. లోకమంతా పండగ చేసుకుంటూంటే ఆ పనివాడు, చెయ్యని నేరానికి, కటకటాల వెనక కూచున్నాడు.

క్రిస్మసు నాటి తెల్లవారుజామున వీధిలో ఒక పెద్దమనిషి గూసును, అంటే పెద్ద బాతు వంటి పక్షిని, భుజాన వేసుకుని పోతున్నాడు. కొందరు అల్లరిమూకలు అతన్ని అటకాయించారు. అతను గూసునూ టోపీనీ పారేసి పారిపోయాడు. అవి ఒక మంచివాడికి దొరికాయి. అతను వాటిని హోమ్స్‌కు చూపించి, రెండు రోజుల తరవాత గూసును వండుకుందామని ఇంటికి తీసుకుపోయాడు. అతని భార్య దాన్ని కోస్తే అందులోనుంచి నీలి రత్నం బయటపడింది! ఆ రత్నం గూసు పొట్టలోకి ఎలా వచ్చిందో, అసలు దొంగ ఎవరో నేను చెప్పను. చెబితే మీరు నన్ను క్షమించరు.

ఈ కథను మే నెలలో చదివే పిల్లవాడికి మొట్టమొదట వచ్చే సందేహం ఒకటున్నది. పారేసిన గూసు రెండు రోజులు ఎలా నిలవ ఉన్నది? మన ఎండల్లో ఐతే సాయంత్రానికల్లా కంపు కొట్టదూ? మాంసాన్ని కుళ్ళబెట్టేవి కంటికి కనపడని సూక్ష్మజీవులు. వెచ్చగా ఉంటే అవి త్వరత్వరగా పెరుగుతాయి. నీరు గడ్డకట్టేటంత చలిలో వాటి పెరుగుదల చాలా మందగిస్తుంది. కథలో ఆ రోజుల్లో లండనులో సన్నగా మంచు పడుతున్నది. చలివల్లనే గూసు పాడుకాలేదు, గూసు పాడుకాలేదు గనకనే కథ నడిచింది. పండగ చలిలో చదివే ఇంగ్లీషు పిల్లవాడికి ఈ సందేహమే రాదు. వాడికి చలి మామూలే గదా!

పండగ ఈ కథకు మరొక సాయం కూడా చేసింది. ఆ కాలంలో లండను పేదవాళ్ళు క్రిస్మసుకు గూసు కొనుక్కోవటానికి చీటీలు కట్టేవారు. మన ఊళ్ళల్లో దీపావళి చీటీలు కట్టినట్టే, వారానికి కొన్ని పెన్నీల చొప్పున కడితే పండగకు ఒక పక్షి చేతికి వచ్చేది. అంచేత పెంపకందారు ఇంట్లో ఉన్న మందంతా ఒకేసారి అమ్ముడై, అంగడికీ, అక్కణ్ణించి తలా ఒక ఇంటికీ చెదిరిపోయేది. రత్నం ఉన్న గూసు ఏ ఇంటికి పోయిందో వెతకటం దొంగకు ప్రాణాంతకమైంది. ఇదే కథ జూలైలో జరిగితే దొంగ తీరికగా పెరట్లోకి పోయి తన గూసును తాను పట్టుకునేవాడు.

ఇంట్లో కోళ్ళున్న పిల్లలు ఇంకొక తప్పు కూడా పట్టగలరు. గింజలు తిన్న కోడికి మెడ కింద ఒక సంచి ఉబ్బుగా కనిపిస్తుంది. కథలో రత్నం గూసుకు ఉన్న అలాంటి సంచిలోనే దొరికినట్టు రాశారు. కాని గూసులకు కోళ్ళకున్నట్టు విడిగా సంచి ఉండదు. ఆహారం దిగే గొట్టమే కాస్త వెడల్పవుతుంది. హోమ్స్ ఆ రత్నాన్ని బొగ్గు వంటి పదార్థమే గట్టిపడి ఏర్పడిందన్నట్టు మాట్లాడతాడు. అదీ పొరపాటే. వజ్రం విషయంలో ఆ మాట నిజం గాని, కార్బంకిల్ అనేది గార్నెట్ జాతి రాయి, అందులో ఇసకలో ఉండే సిలికా ఉంటుంది. మన గోమేధికం ఈ జాతిదే. భీమునిపట్నం సముద్రతీరపు ఇసకలో కూడా గార్నెట్ రేణువులున్నాయి. నోటినిండా మిఠాయి పెట్టుకుని పండగ హుషారులో చదివేవాడు గూసు మెడ తడిమి చూడడు. వేసవి మధ్యాహ్నం ఏమీ తోచక రెండోసారి చదివేవాడే చూస్తాడు.

ఐతే పండగలో చదివినవాడికి బాగా తెలిసేది కూడా ఒకటున్నది. కథ చివర హోమ్స్ అసలు దొంగ విషయంలో ఒక నిర్ణయం చేస్తాడు. అది న్యాయమా కాదా అని ఈనాటికీ పాఠకులు వాదించుకుంటారు. ఎండాకాలంలో చదివితే నాకది తప్పుగానే తోచింది. డిసెంబరులో చదివినప్పుడు మాత్రం ఆయన్ని తప్పుపట్టటానికి మనసు రాలేదు. మీరు రెండు కాలాల్లోనూ చదివి చూడండి.

హోమ్స్ తరవాత ఈ క్రిస్మసు కథలకు పేరు తెచ్చినది అగాథా క్రిస్టీ. ఏటా పండగ ముందు ఆవిడ కొత్త పుస్తకం ఒకటి వెయ్యటం ప్రకాశకులకు అలవాటైపోయింది. 1960లో వచ్చిన ఆవిడ కథల పుస్తకంలో మొదటిది క్రిస్మసు పుడ్డింగును గురించిన కథ. పుడ్డింగు అంటే ఎండుద్రాక్షలూ, పిండీ, కొవ్వూ, పంచదారా కలిపి గంటల తరబడి ఉడికించిన తీపి ముద్ద. మన అరిసెల్లాగే ఇది నిలవ ఉంటుంది. అంచేత పండగకు కొన్ని వారాల ముందే చేసి పెడతారు. అందులో వెండి నాణెమూ, ఉంగరమూ వంటివి దాచి, పండగనాడు ఎవరి ముక్కలో ఏది వస్తే దాన్నిబట్టి అదృష్టం చెప్పుకుంటారు. విలువైన రాయి ఒకటి దాచదలిచినవాడికి ఇంతకన్న మంచి చోటు ఏది? పండగ దాకా దాన్ని ఎవరూ కొయ్యరు!

ఈ కథలో మీ వయసు పిల్లలు కూడా ఉన్నారు. పువారో అనే పేరుమోసిన డిటెక్టివు తమ ఇంటికి అతిథిగా వచ్చాడని తెలిసి, ఆయన్ని ఆటపట్టించటానికి వాళ్ళు మంచులో అడుగుజాడలు వేసి, ఒక అబద్ధపు హత్య తయారుచేస్తారు. చివరకు ఎవరు ఎవరిని మోసగించారో చదివి తెలుసుకోవాలి. మంచు మీద అడుగు పడితే గోదావరి ఇసకతిన్నె మీద పడ్డట్టే అచ్చు దిగుతుంది. కాని ఇసకలో జాడను గాలి చెరిపేస్తుంది. మంచులో జాడ, తిరిగి మంచు కురిసేదాకానో కరిగేదాకానో అలాగే ఉంటుంది. మంచు ఎప్పుడు ఆగిందో తెలిస్తే మనిషి ఎప్పుడు నడిచాడో చెప్పవచ్చు. పైగా డిసెంబరు చివర లండనులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, సాయంత్రం నాలుగింటికే పొద్దు కుంకుతుంది. దొంగకు చీకటి, డిటెక్టివుకు అడుగుజాడలు: మంచుకాలం ఇద్దరికీ సమానంగా సాయం చేస్తుంది!

జెఫర్సన్ ఫార్జన్ అనే ఆయన 1937లో "మిస్టరీ ఇన్ వైట్" అనే నవల రాశాడు. పిల్లల రచయిత్రిగా 1956లో హాన్స్ ఆండర్సన్ బహుమతి పొందిన ఎలినార్ ఫార్జన్‌కు ఈయన తమ్ముడు. ఆ నవలలో క్రిస్మసు ముందు రోజు ఒక రైలు మంచులో కూరుకుపోతుంది. కొందరు ప్రయాణికులు దిగి నడిచి ఒక ఇల్లు చేరతారు. తలుపు తీసే ఉన్నది. పొయ్యి మండుతున్నది, టీ బల్ల సిద్ధంగా ఉన్నది, కాని ఇంట్లో నరమానవుడు లేడు! ఈ పుస్తకాన్ని చాలా ఏళ్ళపాటు జనం మరిచేపోయారు. 2014లో బ్రిటిషు లైబ్రరీవారు తిరిగి వేస్తే ఆ ఏడు పండగకు అది విపరీతంగా అమ్ముడైంది.

తలిదండ్రులకు ఒక మాట. క్రిస్మసు పేరున్న పుస్తకాలన్నీ పిల్లలకు పనికిరావు. క్రిస్టీ బావ, అంటే ఆవిడ అక్క భర్త, ఆవిడ కథల్లో హత్యలు మరీ నాజూకుగా ఉంటున్నాయనీ, కాస్త నెత్తురు కనపడాలనీ అన్నాడట. ఆవిడ ఆయన కోరిక మన్నించి 1938లో "హెర్క్యూల్ పువారోస్ క్రిస్మస్" రాసి ఆయనకే అంకితమిచ్చింది. అది పెద్దపిల్లలు చదవవలసింది. బ్లూ కార్బంకిలూ, పుడ్డింగు కథా పదేళ్ళవారికి కూడా నిర్భయంగా ఇవ్వవచ్చు. డిటెక్టివు కథలు పిల్లల్ని చెడగొడతాయనే మాట పాతదే. కాని మన ఇళ్ళల్లో పండగనాడు గొలుసో ఉంగరమో కనపడకపోతే మొట్టమొదట ఎవరి మీద అనుమానపడతాం? పనిమనిషి మీద. హార్నర్ కథ చదివిన పిల్లవాడు అప్పుడు, "అమ్మా, ముందు అంతటా వెతుకుదాం," అంటాడేమో.

ఇంతవరకూ చెప్పినవి పండగను గురించిన కథలు. నార్వే దేశంలో సంగతి వేరు. అక్కడ డిటెక్టివు కథలు చదివేది ఈస్టరు పండగకు. ఈస్టరు మార్చి చివరనో ఏప్రిల్లోనో వస్తుంది. అప్పటికి కొండల మీద మంచు ఇంకా కరగదు. జనం సెలవులకు కొండల్లోని చెక్క ఇళ్ళకు పోయి, పగలు మంచు మీద స్కీలు కట్టుకుని తిరుగుతారు, నారింజపళ్ళు ఒలుచుకు తింటారు, రాత్రి డిటెక్టివు నవల పట్టుకు కూచుంటారు. ఆ నవలలో ఈస్టరు ఊసే ఉండనవసరం లేదు!

దీనికి కారణం 1923లో జరిగిన తమాషా. నూర్డాల్ గ్రీగ్, నీల్స్ లీ అని ఇద్దరు యువకులు డబ్బు కోసం, మారుపేరు పెట్టుకుని ఒక నవల రాశారు. దాని పేరు "నిన్న రాత్రి బెర్గెన్ రైలును దోచుకున్నారు!" బెర్గెన్ రైలంటే దేశ రాజధాని నుంచి మంచుకొండల మీదుగా పడమటి తీరానికి పోయే రైలు. ఈస్టరు సెలవుల ముందు ప్రకాశకుడు ఈ పేరును ఒక పెద్ద దినపత్రిక మొదటి పేజీలో ప్రకటనగా వేయించాడు. అది పుస్తకం పేరని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది. చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? ఆ రైల్లో బంధువులు ఉన్నవాళ్ళ గుండెలు జారిపోయాయి. నవల మాత్రం జోరుగా అమ్ముడైంది. మిగిలిన ప్రకాశకులు ఇది చూసి మరుసటి ఏళ్ళల్లో ఈస్టరుకు డిటెక్టివు నవలలు వెయ్యసాగారు. ఇప్పుడు ఆ రోజుల్లో రేడియోలోనూ టెలివిజన్లోనూ అవే కథలు. పాలు పోసి అమ్మే అట్టపెట్టెల మీద కూడా చిన్న చిన్న బొమ్మల పొడుపుకథలు అచ్చువేస్తారు. పొద్దున్నే పిల్లలు పాలు తాగుతూ దొంగను పట్టుకుంటారు.

మన సంక్రాంతికి కూడా ఇలాటి కథ ఒకటి ఉంటే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది. సామగ్రికి కొదవ లేదు. ఇంటినిండా చుట్టాలు, తెలతెలవారుతూంటే పొగమంచు, ఇంటింటికీ వచ్చే హరిదాసూ గంగిరెద్దులవాడూ. భోగిమంటలో పాత సామానుతోపాటు పొరపాటున ఏ వస్తువు పడ్డా బూడిదే. ఇంగ్లండులో మంచు చేసే పనికి మనకు ముగ్గున్నది. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ వాకిలి నిండా ముగ్గు వేసి లోపలికి పోయింది. ఐదింటికి వచ్చి చూస్తే ముగ్గు మధ్యలో ఒక అడుగు పడి ఉన్నది. ఆ అడుగు ఇంట్లోనుంచి బయటికి పోయినది. లోపలికి వచ్చిన అడుగు లేదు. ఇంట్లో చుట్టాలను లెక్కపెడితే అందరూ ఉన్నారు.