దాహము - దంతములు

గడచిన వేసవికి ముందు ఒకనాటి మధ్యాహ్నము మూడు గంటలకు తొమ్మిదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా, పలువురు బాలబాలికలు బల్లలపై తలలు వాల్చి యుండుట చూచితిమి. మొదట మా బోధనయందలి లోపమే యనుకొంటిమి. అదియు కొంత నిజమై యుండవచ్చును. అయినను ఏదో తోచి, ఇంటినుండి తెచ్చుకొన్న నీటి సీసాలను పైకెత్తుడని చెప్పితిమి. ఉదయము తల్లులు నింపి యిచ్చిన నీరు చాలమంది సీసాలలో అట్లే యుండెను. ఈ వ్యాసమునకు ఆ సీసాలే కారణము.

పెద్దవారి శరీరపు బరువులో నూటికి ఇంచుమించు 60 పాళ్లు నీరే. రక్తము ప్రవహించుటకును, తిన్నది జీర్ణమగుటకును, మూత్రపిండములు మలినములను వెడలగొట్టుటకును, చెమటపట్టి దేహము చల్లబడుటకును నీరు కావలెను. మన మండువేసవిలో ఆటలాడు బాలుడు పోగొట్టుకొన్న నీటిని మరల త్రాగి పూరింపనిచో తలనొప్పియు, బడలికయు, మలబద్ధకమును కలుగును. చదువుపై మనస్సు నిలువదు. ఆటలో మునిగినవానికి దాహము తెలియకయే పోవును. మూత్రము లేత పసుపువన్నెగా నున్న నీరు చాలుచున్నదనియు, ముదురుగా నున్న చాలుట లేదనియు సామాన్యముగా గ్రహింపవచ్చును. ఇట్టి మాట పాఠశాల పత్రికలో వ్రాయుట మర్యాద కాదని కొందరనవచ్చును; ఆరోగ్యవిషయమున మాకు ఆ మొగమాటము లేదు.

నోటికిని నీటికిని గల సంబంధము చాలమంది యెరుగరు. మన నోట దినమునకు అరలీటరు మొదలు లీటరున్నర వరకు లాలాజలము ఊరును. అందు నూటికి 99 పాళ్లు నీరే. తక్కిన యొక్క పాలులో సృష్టికర్త కూర్చిన యేర్పాటు ఆశ్చర్యకరమైనది. మనము చాక్లెట్టో బిస్కత్తో తినగనే పంటిని పట్టియుండు సూక్ష్మజీవులు ఆ చక్కెరనుండి ఆమ్లమును పుట్టించును. ఆ యామ్లము పంటిపై నున్న పింగాణివంటి పొరను కరగింప నారంభించును. అప్పుడు లాలాజలము చక్కెరను కడిగివేసి, తనయందలి క్షారముచే ఆమ్లమును విరిచి, పోయిన కాల్షియమును ఫాస్ఫేటును కొంతవరకు పంటికి మరల అందించును. ఆమ్లము విరుగుటకు అరగంటయో గంటయో పట్టును. ఇంతలో మరియొక చాక్లెట్టు నోట వేసికొన్నవాడు, గోడ కట్టుచున్న మేస్త్రిని ఇటుక యిటుకకు ఆపి మాటలాడించువానివంటివాడు. దేహమున నీరు తగ్గెనా, లాలాజలము తగ్గును. నోరెండి దుర్వాసన పుట్టును. పండ్లు పుచ్చుటకు దారి యేర్పడును. నిద్రలో లాలాజలము మిక్కిలి తగ్గును గనుకనే రాత్రి పండ్లు తోముకొని పరుండుడని చెప్పుదుము. కూల్‌డ్రింకు దాహము తీర్చినట్లే యుండును గాని, చక్కెరను ఆమ్లమును రెంటిని పంటికి తెచ్చిపెట్టును. మజ్జిగ మేలు, మంచినీరు మరియు మేలు.

అయితే అన్ని నీళ్లును ఒక్కటి కావు. నీటియందలి ఫ్లోరైడువలన పండ్లును ఎముకలును చెడుట అప్పటి నెల్లూరు జిల్లాలో 1937వ సంవత్సరమున వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలో పండ్లు గోధుమవన్నె చారలు పట్టి, నడుములు వంగిన వారిని తరములుగా చూచితిమి. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు విధానమునకు ఆ జిల్లా పేరే నిలిచినది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీరు త్రాగదగదు. మరగించినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. పండ్లు ఏర్పడు ప్రాయమున పట్టిన చార తోమినను పోదు గనుక, బోరునీరు త్రాగు గృహస్థులు ఆ నీటిని పరీక్ష చేయించుట యవసరము.

ఇక మా సీసాల మాట. ఏల త్రాగలేదని యడుగగా బాలురు నవ్విరి. బాలికలు తలలు వంచుకొనిరి. తరువాత ఒక ఉపాధ్యాయినితో వారు చెప్పిన దేమనగా, నీరు త్రాగిన మరుగుదొడ్డికి పోవలసి వచ్చును, అచ్చట తలుపునకు గడియ లేదు, తొట్టిలో నీరుండదు. ఇన్నేండ్లుగా ఆరోగ్యశాస్త్రము బోధించుచు ఆ తలుపు వంక చూడనివారము మేమే. గడియ బిగించుటకు వడ్రంగికి ఒక పూటయైన పట్టలేదు. తొట్టి నింపుట నిత్యము చూచుకొనవలసిన పని. అందు ఇంకను తప్పిపోవు దినములు కలవు. నీరు త్రాగుటకై గంట కొట్టు పద్ధతి కేరళ పాఠశాలలలో 2019లో మొదలయ్యెను. మా తరగతిలోను రెండవ పీరియడు పిమ్మట ఒకమారు, మధ్యాహ్నము ఒకమారు పాఠము ఆపుచున్నాము.

గత వారము మరల సీసాలు ఎత్తుడంటిమి. ఆరు మాత్రమే నిండుగా నుండెను. అందొకటి మా బల్లమీదిది.